సియాటిల్ పిల్లలకు మొదటి మంచుకొండ స్నోక్వాల్మీ

సియాటిల్ చుట్టుపక్కల ఉంటూ పిల్లలకు స్కీయింగ్ అలవాటు చేయాలనుకునే వాళ్లు ఎవరడిగినా నేను చెప్పే పేరు ఒకటే, సమ్మిట్ ఎట్ స్నోక్వాల్మీ అనే స్కీ రిసార్ట్. ఇంతకన్నా పెద్ద కొండలు, మంచి మంచు ఇదే వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నాయి, కాదనను. కానీ ఆరేళ్ల పిల్లకి కొండ ఎత్తుతో పనేముంది? వేళ్లు గడ్డకట్టి "ఇంటికెళ్దాం" అని ఏడుపు అందుకున్నప్పుడు ఇల్లు ఎంత దూరంలో ఉందన్నదే లెక్క.

ఐ-90 మీద తూర్పుకి 50 మైళ్లు, రోడ్డు బాగుంటే గంట ప్రయాణం. హైవే దిగగానే కొండే, మలుపులు తిరుగుతూ ఘాట్ రోడ్డు ఎక్కే పని లేదు. ఈ సౌకర్యం కొత్తదేం కాదు. 1934లో సియాటిల్ నగరమే తన జనం కోసం ఇక్కడ స్కీ పార్క్ తెరిచింది. ఊరి పార్కుకి వెళ్లొచ్చినట్టు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చన్న ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ఎంతో నచ్చుతుంది.

కొండ ఒకటే అనుకుంటారు కానీ భాగాలు వేరువేరు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎగ్జిట్ 52 దగ్గర వెస్ట్‌కి గానీ, 53 దగ్గర సెంట్రల్‌కి గానీ వెళ్లాలి. వాలు తక్కువగా ఉండే బన్నీ హిల్స్, నిలబడితే చాలు పైకి తీసుకెళ్లే మ్యాజిక్ కార్పెట్లు అక్కడ ఉంటాయి. హైవేకి అవతల ఉన్న ఆల్పెంటల్ బాగా వచ్చినవాళ్ల కోసం. పేరు విని, ఫొటోలు చూసి కొత్తవాళ్లు అటు వెళ్లకండి.

ఇక అసలు విషయం, లెసన్. నాలుగు వీడియోలు చూసి పిల్లలకు మనమే నేర్పేద్దాం అనిపిస్తుంది. దయచేసి వద్దు. ఇన్‌స్ట్రక్టర్ "పిజ్జా" అంటే స్కీల ముందు కొనలు దగ్గరకు తెచ్చి వేగం తగ్గించడం, "ఫ్రెంచ్ ఫ్రైస్" అంటే రెండూ సమానంగా పెట్టి జారడం. తోటి పిల్లలు చేస్తుంటే చూసి ఇట్టే పట్టేస్తారు. అదే మనం చెబితే, ముఖ్యంగా నాన్న గట్టిగా చెబితే, బూట్లు విప్పేస్తామంటారు. లెసన్, స్కీలు, బూట్లు, హెల్మెట్, కొండ పైకి చేర్చే లిఫ్ట్ టికెట్ కలిపి కొత్తవాళ్లకు ప్యాకేజీ ఉంటే అదే తీసుకోండి. టికెట్ ధర రోజును బట్టి మారుతుంది, ముందుగా ఆన్‌లైన్‌లో కొంటేనే నయం.

నా ఓటు మాత్రం మామూలు రోజు సాయంత్రానికి. డిసెంబర్‌లో సియాటిల్‌లో నాలుగున్నర లోపే పొద్దు కుంకుతుంది కానీ, ఇక్కడ వాలు పొడవునా లైట్లు వేసి రాత్రి కూడా స్కీయింగ్ నడుపుతారు. ఏ రోజుల్లో, ఏ భాగం తెరుస్తారో బయల్దేరే ముందు చూసుకుంటే చాలు. శని, ఆదివారాలైతే పార్కింగ్ కోసమే పొద్దున్నే వెళ్లాలి.

మంచు గురించి నిజం చెప్పాలి. ఈ రిసార్ట్ ఉన్న స్నోక్వాల్మీ కనుమ (పాస్) ఎత్తు 3,022 అడుగులే. సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి ఇక్కడ విపరీతంగా మంచు కురిపిస్తుంది, కానీ ఆ మంచు తడిగా, బరువుగా ఉంటుంది. ఈ కొండల వరుస పేరు కాస్కేడ్స్ కాబట్టి, దానికి కాస్కేడ్ కాంక్రీట్ అని ఇక్కడివాళ్లు ముద్దుపేరు పెట్టారు. కాస్త వేడెక్కితే అదే వర్షం అయిపోతుంది. అందుకే పిల్లలకు వెచ్చటి స్వెట్టర్ కన్నా నీళ్లు లోపలికి పోనివ్వని ప్యాంటు, గ్లవ్స్ ముఖ్యం. గ్లవ్స్ రెండు జతలు వెంట తీసుకెళ్లండి. సాక్స్ మాత్రం ఒక్క జతే తొడగండి. రెండు తొడిగితే బూటు బిగిసి కాళ్లు ఇంకా చల్లబడతాయి.

స్కీయింగ్ వద్దనే అమ్మమ్మలు, తాతయ్యలు, మరీ చిన్నపిల్లలు ఉంటే సెంట్రల్ దగ్గర ట్యూబింగ్ ఉంది. గాలి నింపిన ట్యూబులో కూర్చుని జారడమే, నేర్చుకునేదేం లేదు. టికెట్ టైమ్ స్లాట్ ప్రకారం ఇస్తారు. ఇంకా తక్కువ ఖర్చులో కావాలంటే దగ్గర్లోనే ఉన్న హయాక్ స్నో-పార్క్‌లో, అంటే రాష్ట్రం నడిపే మంచు ఆటస్థలంలో, సొంత స్లెడ్ (మంచు మీద జారే బండి) తెచ్చుకుని ఆడుకోవచ్చు. స్నో-పార్క్ పర్మిట్ మాత్రం ముందే కొని కారులో పెట్టుకోవాలి.

మిగతా కొండలతో పోల్చాలా? స్టీవెన్స్ పాస్ 4,000 అడుగుల పైన ఉంటుంది కాబట్టి మంచు ఇంకాస్త నమ్మకంగా ఉంటుంది. దూరం ఎక్కువ, యూఎస్-2 రోడ్డు సన్నం. క్రిస్టల్ మౌంటెన్ అందం వేరు. గొండోలాలో (తీగ మీద నడిచే గది లాంటి లిఫ్ట్‌లో) పైకెళితే, మబ్బు లేనిరోజు మౌంట్ రెయినియర్ కళ్లెదుటే నిలబడుతుంది. స్కీయింగ్ చేయని పెద్దవాళ్లకు అదొక్కటి చూపించడం కోసమైనా వెళ్లాలి. కానీ వెళ్లడానికే రెండు గంటలు. పిల్లలకు మలుపులు తిరగడం వచ్చాక ఈ రెండూ పెట్టుకోండి.

రాత్రి ఉండాలనుకుంటే కనుమ దగ్గర బస తక్కువ, సెలవుల్లో త్వరగా నిండిపోతుంది. దిగువన నార్త్ బెండ్ నయం. తిండికి, పెట్రోలుకి ఇబ్బంది ఉండదు, మర్నాడు 268 అడుగుల స్నోక్వాల్మీ జలపాతం చూసుకుని ఇంటికెళ్లొచ్చు. మేమైతే బస గురించి పెద్దగా ఆలోచించం, సాయంత్రమే దిగిపోతాం.

రోడ్డు విషయంలో మాత్రం ధైర్యాలు వద్దు. మంచు చరియలు విరిగిపడే ప్రమాదం తగ్గించడానికి ఐ-90ని అప్పుడప్పుడు మూసేస్తారు. బయల్దేరే ముందు కనుమ దగ్గర రోడ్డు ఎలా ఉందో చెప్పే రాష్ట్ర రవాణాశాఖ పాస్ రిపోర్ట్, కెమెరాలు తప్పకుండా చూడండి. టైర్లకు చుట్టే చెయిన్లు తప్పనిసరి అని బోర్డు పెడితే ఆల్ వీల్ డ్రైవ్ కార్లకు వేసుకోవడం నుంచి సాధారణంగా మినహాయింపు ఉంటుంది కానీ, కారులో చెయిన్లు ఉండి తీరాలి. అద్దె కారైతే చెయిన్లు వేయనిస్తారో లేదో ఒప్పందంలో చదువుకోండి. వేయడం ఎలాగో ఇంటి దగ్గర, పొడి నేల మీద, పగటి వెలుతురులో ఒకసారి ప్రాక్టీస్ చేసుకుని వెళ్తే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.