మోదుగులు పూసిన వేళ కేయూ తోటలో

హనుమకొండకు మూడుసార్లు వెళ్లాం. ప్రతిసారీ వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు, కోట చూసి తిరిగొచ్చాం. ఈసారి హోలీకి వారం ముందు, అమ్మ కోసం కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లో వృక్షశాస్త్ర విభాగం వాళ్ల తోటకు వెళ్లాం. అమ్మ పుట్టిల్లు ములుగు వైపు. చెట్ల పేర్లు ఆమెకు చుట్టాల పేర్లలా నోటికొస్తాయి.

కాజీపేటలో దిగి ఆటోలో కేయూ క్రాస్ మీదుగా చేరుకున్నాం. ఉస్మానియా పీజీ సెంటర్‌గా మొదలై 1976లో యూనివర్సిటీ అయింది ఇది. చెట్లు చూడ్డానికి వచ్చామని చెబితే లోపలికి పంపారు. చదువుకునే పిల్లల కోసం పెంచే తోట కాబట్టి ఊయలలు, ఫౌంటెన్ల కోసం వెతక్కండి. పసివాళ్లను ఆడించాలంటే హంటర్ రోడ్డులోని జూపార్కే మేలు.

మోదుగ కింద మాత్రం అరగంట పైనే కూర్చున్నాం. ఆకు రాలిపోయి కొమ్మలన్నీ పూలే. పాప కింద రాలినవి ఏరుతుంటే అమ్మ, "వీటిని నీళ్లల్ల మరిగిస్తే రంగైతది బిడ్డా. మా చిన్నప్పుడు హోలీకి గిదే చల్లుకునేటోళ్లం" అంది. వానలకు ఆకు ముదిరాక విస్తర్లు కుట్టడం, మూడాకుల్లో నడిమిది పెద్దగా ఉండటం, అన్నీ వివరంగా చెప్పింది. "దీనికి కాయకొక్కటే గింజ" అన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. మోదుగ శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా అని ఇంటర్‌లో బట్టీ పట్టాను. ఒకే విత్తనం కలది అన్న ఆ పేరు అర్థం ఇన్నేళ్లకు అమ్మ నోట విన్నాను.

ఇప్ప ఇంకా మొగ్గ మీదే ఉంది. పూత రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది కాబట్టి ఆ వాసన కావాలంటే ఉగాది దాటాక పొద్దున్నే రావాలి. తంగేడు నిండుగా చూడాలంటే బతుకమ్మ రోజులు. మీ ఇంట్లో చెట్లు తెలిసిన పెద్దవాళ్లుంటే తప్పక వెంట తీసుకెళ్లండి, నీళ్లు కూడా.

బస విషయంలో దెబ్బతిన్నాం. స్టేషన్ పక్క లాడ్జిలో రాత్రంతా రైలు కూతలు, వేడినీళ్లకు గంటసేపు ఎదురుచూపు. హనుమకొండ చౌరస్తా వైపు గది తీసుకుంటే గుడికీ తోటకూ దగ్గర.

అడిగి తెచ్చుకున్న రాలుపూలను ఇంటికొచ్చాక మరిగించాం. నారింజ కలిసిన పసుపు దిగింది. అమ్మ ముందుగా తన పాత చీర కొంగు ముంచి చూసింది.