పదేళ్ల తర్వాత కనబడిన దుమ్ము

'డబుల్ ఇండెమ్నిటీ' (1944) అనే హాలీవుడ్ నలుపు తెలుపు క్రైమ్ సినిమా కథంతా చెప్పను. నాకు ఆ సినిమా అంటే కిటికీ బ్లైండ్స్ నీడలు. ఇన్సూరెన్స్ ఏజెంట్ వాల్టర్ నెఫ్, తర్వాత తనతో కలిసి భర్తని చంపే ఫిలిస్ ఇంట్లో అడుగుపెట్టగానే గదినిండా ఎండ చారలు చారలుగా పడుతుంది. సినిమాకి ఆధారమైన జేమ్స్ ఎం. కెయిన్ నవలికలో హంతకుడు తన నేరం తనే చెప్పుకుంటాడు. సినిమాలోనూ నెఫ్ డిక్టాఫోన్‌లో (మాటలు రికార్డు చేసే యంత్రం) చెబుతాడు. కానీ అతను పైకి చెప్పుకోలేని భయమంతా నాకు ఆ చారల్లోనే తెలిసింది.

ఎండలో దుమ్ము తేలుతున్నట్టు కనబడాలని కెమెరామన్ జాన్ సైట్స్ గాల్లోకి అల్యూమినియం పొడి ఊదించాడని ఎప్పుడో చదివాను. పదేళ్లుగా పాత డీవీడీ పెట్టి ల్యాప్‌టాప్‌లో చూస్తున్నా ఆ దుమ్ము నా కంట పడలేదు.

నిరుడు 55 అంగుళాల టీవీ కొన్నాక మొదట పెట్టింది ఈ సినిమానే. ఏడుపొచ్చినంత పనైంది. చివర్లో ఫిలిస్ దీపాలార్పి, కుర్చీ దిండు కింద తుపాకీ దాచి, అతని కోసం ఎదురుచూస్తుంది కదా, ఆ చీకటంతా బూడిదరంగుకి తిరిగింది. బ్లైండ్స్ చారలు మిణుకుమిణుకుమంటున్నాయి. నెఫ్ నడుస్తుంటే సాయంత్రం సీరియల్ చూస్తున్నట్టుంది. సగంలో ఆపేశాను. రెండు రాత్రులు సెట్టింగ్స్ తిరగేశాక దొరికింది: రంగులు, వెలుగు పెంచే వివిడ్ మోడ్, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్, గదిలో వెలుతురుని బట్టి బ్రైట్‌నెస్ మార్చే సెన్సర్. మూడూ తీసేశాను. హాల్లో ట్యూబ్‌లైటు ఆర్పి మొదటినుంచి పెట్టాను. ఆ ఎండలో సన్నటి దుమ్ము, మెల్లగా తిరుగుతూ! వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను.

ఇదివరకు అడిగినవాళ్లందరికీ ఎందులో చూసినా పరవాలేదనేదాన్ని. ఇప్పుడు అనను. ఇంకొకటి, నెఫ్ మాట ఆగదు, వేగం ఎక్కువ. మొదటి రెండుసార్లు నా కళ్లన్నీ సబ్‌టైటిల్స్ మీదే ఉండి సగం నీడలు చూడనేలేదు. ఫిలిస్‌గా వేసిన బార్బరా స్టాన్విక్ విగ్గు ఇప్పటికీ నాకు అతికించినట్టే ఉంటుంది.

మా ఇంట్లో పది దాటితే అందరూ పడుకుంటారు, హాలు నాదే. చిన్నపిల్లలున్న ఇంట్లో, పగటిపూట, ఇదే సినిమా ఇంత పట్టుకుంటుందని చెప్పలేను. ఫోన్ తప్ప వేరే దారి లేనివాళ్లు శవాన్ని పట్టాల మీద వదిలి వచ్చాక కారు స్టార్ట్ కాని సీన్ దాకా చూడండి. దానికి చీకటి గది అక్కర్లేదు.