"సెకి చేతిపని వేటకత్తి" అని 23,800 యెన్లు పోసి కొన్నాను. మీరు కొనే ముందు ఇది చదవండి

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ కోసమూ, "వచ్చేటప్పుడు ఒక మంచి జపాన్ కత్తి పట్రా అన్నా" అని మాకు మెసేజ్‌లు పెట్టే వాళ్ళ కోసమూ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

నేను ఐచిలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పని చేస్తాను. మా పక్కింటి పెద్దాయనకు 70 దాటాయి, వేట లైసెన్సు ఉంది. ఇక్కడ సీజన్ మామూలుగా నవంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 దాకా. జింకలు, అడవి పందులు పంటలు పాడు చేస్తున్నాయని చాలా చోట్ల వాటికి గడువు ఇంకా పొడిగిస్తారు. శనివారాల్లో ఆయనతో గిఫు కొండల్లోకి వెళ్తుంటాను. నాకు లైసెన్సు లేదు, వేట నా పని కాదు. పడిన జింకను మోయడం, తోలు తీయడం, మాంసం కోయడం, అంతవరకే. ప్రతిసారీ ఆయన కత్తి అడుక్కోవడం మొహమాటంగా అనిపించి సొంతది ఒకటి కొందామనుకున్నాను. తప్పు అక్కడే మొదలైంది. ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఒక షాపు కనిపించింది. కొలిమి ముందు తెల్ల గడ్డం ముసలాయన, చుట్టూ నిప్పురవ్వలు. పక్కనే రాత: సెకి ఊరి (గిఫు జిల్లాలో కత్తులకు పేరుపడ్డ ఊరు) కమ్మరి వంశం, అవొగామి ఉక్కు, 67 పొరల డమాస్కస్ (అలల్లాంటి గీతలు కనిపించే పొరల లోహం), పూర్తిగా చేతిపని, తుప్పు పట్టదు. అలుగు 11 సెంటీమీటర్లు. ధర 58,000 కొట్టేసి 23,800. వెంటనే కొట్టేశాను ఆర్డరు.

పార్సిల్ 19 రోజులకు వచ్చింది. నాగోయా నుంచి సెకి కారులో గంట దూరం. గంట దూరంలో చేసిన కత్తి 19 రోజులు ఎక్కడ తిరిగిందా అని ట్రాకింగ్ చూస్తే అసలు జపాన్ బయటి నుంచి వచ్చింది. అప్పుడైనా ఆగాలి కదా, ఆగలేదు. విప్పి చూస్తే కత్తి మాత్రం మెరిసిపోతోంది. అలుగు నిండా నీళ్ళ అలల్లాంటి గీతలు, పిడి దగ్గర రెండు మూడు కంజి అక్షరాలు. కమ్మరి పేరు అయ్యుంటుందిలే అని మురిసిపోయాను.

మొదటి జింకకు దింపాను. పొట్ట దగ్గర తోలు బాగానే తెగింది. వెన్ను దాటి మెడ దగ్గరికి వచ్చేసరికి కత్తి తెగడం మానేసి జారడం మొదలుపెట్టింది. జింక వెంట్రుకల్లో మట్టి, ఇసుక ఉంటాయి, ఏ కత్తి పదునైనా కొంత పోతుంది. కానీ సగం జింకకే ఇలా మొండిబారడం ఏంటి? పెద్దాయన ఏమీ అనలేదు. తన కత్తి తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా, పొగచూరిన పెనంలా ఉంటుంది ఆయన కత్తి. అరగంటలో పని అయిపోయింది.

ఆ హడావిడిలో నా కత్తిని నెత్తురుతోనే బకెట్‌లో పడేసి మర్చిపోయాను. తెల్లారి గుర్తొచ్చి గుండె గుభేలుమంది. అవొగామి అంటే కార్బన్ ఉక్కు. నెత్తురు తడితో రాత్రంతా వదిలేస్తే మచ్చలు పడాలి. పరిగెత్తి చూస్తే ఒక్క మచ్చ లేదు, అద్దంలా ఉంది. ఎంత సంతోషమో! ఫొటో తీసి పెద్దాయనకు పంపాను.

ఆయన సమాధానం ఒకటే లైను: "తుప్పు పట్టలేదా? అయితే అది అవొగామి కాదు."

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్ళు మన తెలియనితనం మీదే బతుకుతున్నారు. షిరొగామి అంటే తెల్ల కాగితం, అవొగామి అంటే నీలం కాగితం. షిమానే జిల్లా యసుగిలో తయారయ్యే ఉక్కు రకాలివి. ఫ్యాక్టరీలో ఉక్కు కట్టలకు అంటించే కాగితం రంగును బట్టి ఆ పేర్లు వచ్చాయి. షిరొగామి దాదాపు కార్బన్, ఇనుము మాత్రమే. అవొగామిలో కొంచెం టంగ్‌స్టన్, క్రోమియం కలుపుతారు, పదును ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ ఆ క్రోమియం చాలా తక్కువ, అర శాతం మించదు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే 10 శాతం పైన కావాలి. అంటే రెండు రకాలూ తుప్పు పడతాయి. "అవొగామి, తుప్పు పట్టదు" అన్న ఒక్క వాక్యంలోనే అబద్ధం ఉంది. పైన డమాస్కస్ తొడుగు స్టెయిన్‌లెస్ అయినా సరే, పదును అంచున బయటికి కనిపించే ఉక్కు రంగు మారి తీరాలి. తుప్పు ఇష్టం లేకపోతే తప్పేం లేదు, వీజీ10 లాంటి మంచి స్టెయిన్‌లెస్‌లు ఫుకుయిలోనే తయారవుతాయి. అది అడిగి కొనుక్కోండి.

సాయంత్రం పెద్దాయన కత్తిని కిటికీ దగ్గర పట్టుకుని చూపించాడు. గట్టి ఉక్కు మధ్యలో పెట్టి రెండు పక్కలా పొరల ఇనుము తొడిగితే, నూరినప్పుడు మధ్య ఉక్కు బయటపడి పదును అంచు వెంబడి సాదా పట్టీలా కనిపిస్తుంది. గీతలు ఆ పట్టీ దగ్గర వంకరటింకరగా ఆగిపోతాయి. నా కత్తికి గీతలు అంచు చివరిదాకా ఉన్నాయి. తర్వాత కత్తిని తిప్పి వీపు చూపించాడు. నిజంగా పొరలే అయితే పక్కన ఉన్న గీతలు వీపు మీద కూడా సన్నగా కనిపించాలి. నా కత్తి వీపు స్కేలు అంచులా నున్నగా ఉంది. ఆఖరికి 1000 నంబరు సానరాయి తడిపి అలుగు పక్కభాగాన్ని పది పన్నెండు సార్లు రుద్దాడు. రుద్దినంత మేర అలలు మాయం. నిజం పొరల గీతలు కూడా రుద్దితే మసకబారతాయి కానీ ఆమ్లం తగిలిస్తే మళ్ళీ తేలతాయి. వీటికి తేలడానికి కింద ఏమీ లేదు.

ఇక ఆ కంజి అక్షరాలు. నాకు జపనీస్ మాట్లాడటం వచ్చు, చదవడం అంతంత మాత్రం, అదీ అలంకారంగా రాస్తే అసలే రాదు. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి చాలాసేపు నవ్వాడు. అది కమ్మరి పేరు కాదు. "తెజుకురి" అని ఉంది, అంటే "చేతితో చేసినది". చేతిపని అని లేజర్‌తో చెక్కారన్నమాట.

నాకు ఎక్కువ మండింది డమాస్కస్ విషయంలో. మాది నిజామాబాద్. మా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా పోయేది. ఇంగ్లీషువాళ్ళు ఊట్జ్ అన్నది మన "ఉక్కు" మాటనే అంటారు. పాత డమాస్కస్ కత్తుల మీద కనిపించే గీతలు ఆ ఉక్కు లోపలి నుంచి వచ్చినవి. ఇప్పుడు డమాస్కస్ పేరుతో దొరికేది వేరు, రెండు రకాల లోహాలు పొరలుగా అతికి సాగగొట్టింది. అదీ మంచి పనే. నాకు దొరికింది ఆ రెండూ కాదు, రేకు మీద బొమ్మ. ఆ ఊళ్ళ పక్కన పుట్టినవాడిని ఇలా మోసపోవడం ఏంటని రెండు రోజులు అన్నం సహించలేదు.

డబ్బుల సంగతి. షాపుకు మెయిల్ పెడితే ముందు 15 శాతం వెనక్కి ఇస్తామన్నారు. ఒప్పుకోకపోతే కత్తి వాపసు పంపమన్నారు, ఖర్చు నాదే, చిరునామా వేరే దేశంలో. ఒకటి గుర్తు పెట్టుకోండి: జపాన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్ళకు కూలింగ్ ఆఫ్ (కొన్న కొద్ది రోజుల్లో కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు) వర్తించదు, షాపు రాసుకున్న వాపసు షరతులే చెల్లుతాయి. కాబట్టి కొనే ముందే ఆ పేజీ చదవండి. 188కి ఫోన్ చేస్తే మీ ప్రాంతంలోని వినియోగదారుల కేంద్రానికి కలుపుతారు, నాకు అక్కడివాళ్ళే దారి చెప్పారు. ప్రకటన స్క్రీన్‌షాట్లు, ట్రాకింగ్, రుద్దిన చోటి ఫొటోలు పెట్టి కార్డు కంపెనీలో ఫిర్యాదు చేశాను. రెండు నెలలు తిరిగాక డబ్బు వచ్చింది. ప్రకటన పేజీ అప్పటికే మార్చేశారు, "సెకి" పోయి "జపాన్ శైలి" వచ్చింది. ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉండకపోతే పని అయ్యేది కాదు.

కేసు ముగిశాక మా సూపర్‌వైజర్‌ని బతిమాలి ల్యాబ్‌లో మొన వైపు రెండు సెంటీమీటర్లు కోయించాను. కోసిన ముఖాన్ని పాలిష్ చేసి ఆమ్లం తగిలిస్తే ఒక్క పొర లేదు, ఒకటే లోహం. రాక్‌వెల్ గట్టితనం మూడు చోట్ల 52, 53, 52. అవొగామి కత్తి అంచు 60 పైన ఉంటుంది. మొండిబారడంలో ఆశ్చర్యం ఏముంది!

తర్వాత పెద్దాయన చెప్పిన దారిలో కొచి జిల్లా తోసా వైపు చిన్న కొలిమి వాళ్ళ దగ్గర ఒకటి తెప్పించుకున్నాను. షిరొగామి, రెండు వైపులా నూరింది, నల్ల పొలుసు అలాగే వదిలేసింది. గీతల్లేవు, బొమ్మల్లేవు. ఆ నకిలీ కంటే తక్కువకే వచ్చింది. ఫోన్ చేస్తే మొదట ఒక ప్రశ్న అడిగారు: "ఏం కోస్తారు?" రెండోది: "ఏ చేయి?" ఒక వైపే నూరిన కత్తులు సాధారణంగా కుడిచేతి వాళ్ళకు చేస్తారు, ఎడమచేతి వాటం అయితే ముందే చెప్పాలి. ఈ రెండు ప్రశ్నలూ అడగని షాపులో నేనైతే ఇంకొకటి కొనను.

"చేతిపని" అనే మాటకు నేను ఇప్పుడు విలువ ఇవ్వడం లేదు. కొలిమిలో కాల్చి కొట్టినదీ చేతిపనే, ఉక్కు పట్టీ కొని గ్రైండర్ మీద అరగదీసినదీ చేతిపనే. రెండో పద్ధతిలో చాలా గొప్ప వేటకత్తులు చేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. సెకిలో మెషిన్ల మీద వచ్చే కత్తులు కూడా బాగుంటాయి. అడగాల్సింది ఎవరు చేశారు, ఏ ఉక్కు, గట్టితనం ఎంత, చెడితే ఎవరు బాగు చేస్తారు అని. ఇక "తమహగనే" అని రాసి చవగ్గా అమ్మేవాటి జోలికి అసలు పోకండి. అది ఇసుక ఇనుముతో, కట్టెబొగ్గుతో తీసే ఉక్కు, ఇప్పుడు షిమానేలో చలికాలంలో కొద్దిగా తీసి ఎక్కువగా ఖడ్గాలు చేసే కమ్మరులకే ఇస్తారు. "మతగి" అనే మాట కూడా అంతే. ఉత్తర జపాన్ కొండల్లోని, ముఖ్యంగా అకిత జిల్లాలో "అని" అనే ప్రాంతంలోని, సంప్రదాయ వేటగాళ్ళు మతగిలు. వాళ్ళ నగసా కత్తుల్లో ఒక రకానికి పిడి గొట్టంలా ఉంటుంది, కర్ర దూర్చితే ఎలుగుబంటికి బల్లెం అవుతుంది. ఆ పేరు తగిలించిన ప్రతిదీ అక్కడిది కాదు.

అసలు కత్తిని నేనూ పాడు చేశాను, అది దాచను. రెండో వారమే తొడ కీలు దగ్గర కత్తి దూర్చి మెలితిప్పాను. టిక్‌మని చప్పుడు. అంచున మిల్లీమీటరు ముక్క ఎగిరింది. గట్టి ఉక్కు పదును నిలుపుతుంది గానీ మెలితిప్పితే ఓర్చుకోదు. కీలు మధ్య మెత్తటి చోటు వేలితో వెతికి కోయాలి, ఎముకను కత్తితో పెకలించకూడదు. ఆ నొక్కు పోగొట్టడానికి ఒక ఆదివారం సాయంత్రమంతా సానరాయి ముందే గడిచింది. పని కాగానే కడగడం, పొడిగా తుడవడం, త్సుబాకి (కమేలియా గింజల) నూనె పల్చగా రాయడం. తోలు ఒర తేమ పట్టి ఉంచుతుంది, నెలల తరబడి అందులో ఉంచొద్దు.

ఇంకో ప్రమాదం, కత్తి అసలైనా నకిలీదైనా ఒకటే. జపాన్‌లో 6 సెంటీమీటర్లు మించిన అలుగున్న కత్తిని సరైన కారణం లేకుండా బయట వెంట ఉంచుకోవడం నేరం. 2 ఏళ్ళ దాకా శిక్ష లేదా 3 లక్షల యెన్ల దాకా జరిమానా. కొండ నుంచి తిరిగి వచ్చిన శనివారం సరే, బుధవారం సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో అదే కత్తి కారులో ఉంటే కారణం ఏం చెప్తారు? నేను చెప్పలేకపోయాను. పోలీసులు రెండున్నర గంటలు కూర్చోబెట్టి, పెద్దాయనకు ఫోన్ చేసి నిర్ధారించుకుని, గట్టిగా హెచ్చరించి పంపారు. వీసా మీద ఉన్నవాడికి ఆ రెండున్నర గంటల టెన్షన్ ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. ఆ షాపులోనే రెండు వైపులా పదునున్న "వేట బాకు" కూడా పెట్టారు. 2008లో టోక్యో అకిహబరాలో బాకుతో చేసిన హత్యల తర్వాత చట్టం మార్చారు, 2009 జనవరి నుంచి 5.5 సెంటీమీటర్లు, ఆ పైన ఉండే అలాంటి బాకు ఇంట్లో ఉంచుకోవడమే నేరం. దాన్ని మాత్రం పొరపాటున కూడా ఆర్డరు చేయకండి.

ఇండియాకు పట్రమ్మనే తమ్ముళ్ళకు: చెక్‌ఇన్ లగేజీలో తప్ప తేలేము, తెచ్చినా అక్కడ వేట నిషేధం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఆదివారం మటన్ కొట్టుకోవడానికి వేటకత్తి ఎందుకురా, మంచి వంటింటి కత్తి తెస్తాను.

నిన్న ఊరికే వెతికితే అదే గడ్డం ముసలాయన, అవే నిప్పురవ్వలు మళ్ళీ కనిపించాయి. షాపు పేరు వేరు, ఈసారి ఊరు సెకి కాదు, కత్తులకు పేరున్న ఇంకో ఊరు సకాయి. ధర 31,500.