ఐదులో నాలుగు స్టార్లు, ఒకటి ఆ బటన్‌కి కట్

మీ ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉంటే ఒక్క ముక్కలో చెప్తాను: ఈ 229 రూపాయల డిజిటల్ థర్మామీటర్ బాగుంది, కొనుక్కోండి. ఇంకేం చదవక్కర్లేదు. ఇంట్లో కీమో నడుస్తున్న పిల్లలు గానీ పెద్దవాళ్లు గానీ ఉంటే మాత్రం మిగతాది కూడా చదవండి.

నాకు సూర్యాపేటలో మొబైల్ రిపేర్ షాపు ఉంది. మా బాబుకి ఐదేళ్లు. పోయిన దసరా సెలవుల్లో బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, ఏఎల్ఎల్ రకం. ట్రీట్‌మెంట్ హైదరాబాద్‌లో. మొదటిసారి డిశ్చార్జ్ చేసిన రోజు మందుల సంచితో పాటు నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. జ్వరం 100.4 చూపిస్తే గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. థర్మామీటర్ పెట్టి చూడకుండా పారాసెటమాల్ వేయకూడదు, జ్వరం దాగిపోతుంది. రక్తంలో తెల్ల కణాల కౌంట్లు తక్కువున్నప్పుడు మలద్వారంలో పెట్టి చూడకూడదు, లోపల గీరుకుంటే అక్కడి నుంచే క్రిములు రక్తంలోకి పోతాయి. నోట్లో పెడదామంటే మందుల వల్ల నోరంతా పుండ్లు. మిగిలింది చంక ఒక్కటే. అప్పటిదాకా మా ఇంట్లో జ్వరం చూడడమంటే మా అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి "కాలుతుంది" అనడమే.

జ్వరానికి ఇంత హడావిడి ఎందుకో నాకు మొదట ఎక్కలేదు. వార్డులో ఒక చిన్న డాక్టరమ్మ సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టు వెనక గీసి చెప్పింది. మామూలు మనిషికి ఇన్ఫెక్షన్ వస్తే చీము పడుతుంది, వాస్తుంది, ఎర్రబడుతుంది. ఆ చీము అంటే చాలావరకు క్రిములతో కొట్లాడి చచ్చిన తెల్ల కణాలే. కీమో పడ్డాక వారం పది రోజులకి మావాడిలో ఆ కణాలే ఉండవు. కణాలు లేకపోతే చీమూ లేదు, వాపూ పెద్దగా ఉండదు. ఒక్కోసారి న్యుమోనియా వచ్చినా ఎక్స్‌రేలో సరిగ్గా కనపడదట. బయటికి తెలిసేది ఒక్క జ్వరమే. ఆ తెల్ల కణాల్లో ముఖ్యమైన రకం న్యూట్రోఫిల్స్, అవి 500 కిందికి దిగితే ప్రమాదం, 100 లోపు అయితే మరీ ప్రమాదం. కౌంటు ఎంత తగ్గితే, ఎన్ని రోజులు తగ్గి ఉంటే ఇన్ఫెక్షన్లు అంత ఎక్కువ అని 1966లోనే జెరాల్డ్ బోడీ అనే అమెరికా డాక్టరు, ఆయన తోటివాళ్లు 52 మంది లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) పేషెంట్లను గమనించి లెక్క తేల్చారట. ఆ రోజు నుంచి థర్మామీటర్ నాకు మల్టీమీటర్‌తో సమానమైంది. రీడింగ్ తప్పయితే ఆ తర్వాత చేసేదంతా తప్పే.

ఇది మేము కొన్న మూడోది. మొదటిది కరోనా టైంలో షాపు కోసం కొన్న గన్. నుదుటి ముందు పట్టి నొక్కితే సెకనులో నంబర్ వస్తుంది, పిల్లాడు నిద్రలేవడు, చాలా సుఖం. కానీ ఫ్యాను కింద పడుకున్నప్పుడు ఒకటి, పక్కకి తిరిగినప్పుడు ఒకటి, చెమట తుడిచాక ఇంకొకటి. ఒకసారి 97.1, రెండు నిమిషాలకి 99.4. పైగా దానిలో ఒంటికి ఒక మోడ్, వస్తువులకి ఒక మోడ్. పొరపాటున వస్తువుల మోడ్‌లో ఉంటే మనిషిని కూడా గోడలాగే కొలుస్తుంది. షాపు గుమ్మం దగ్గర కస్టమర్లకి పనికొచ్చింది గానీ కౌంటు 140 ఉన్న పిల్లాడికి పనికిరాదు. రెండోది నెలన్నరకే తెర పోయింది. దాని గురించి రాయడం కూడా దండగ.

ఇక దీని సంగతి. కొన మెత్తగా వంగుతుంది, కాబట్టి పిల్లాడు మెలికలు తిరిగినా చంకలో గుచ్చుకోదు. అంకెలు పెద్దవి, మా అమ్మ కళ్లద్దాలు లేకుండా చదువుతుంది. వెలుగు మాత్రం లేదు, రాత్రిళ్లు ఫోన్ టార్చి వేసుకోవాలి.

వృత్తి దోషం, విప్పి చూశాను. కొనలో చిన్న థర్మిస్టర్, వేడి పెరిగే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, చిప్ దాన్ని అంకెగా మారుస్తుంది. అంతే. బీప్ ఎప్పుడు కొడుతుందన్నదే అసలు కిటుకు. వేడి పెరగడం నెమ్మదించగానే "అయిపోయింది" అనుకుని కొట్టేస్తుంది. నోట్లో అయితే అది సరిపోతుంది. చంకలో చర్మం వేడెక్కడానికి టైం పడుతుంది కదా, బీప్ వచ్చాక కూడా అంకె మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది. నేను వరసగా వారం రోజులు రాసి చూశాను: బీప్ దగ్గర 98.6 ఉన్నది ఐదు నిమిషాలు ఉంచితే 99.1 అయ్యింది. ఒకరోజు 99.9 ఉన్నది 100.3 దాకా పోయింది. మా గీత 100.4 అని గుర్తుపెట్టుకుని చదవండి, ఆ నాలుగైదు పాయింట్ల విలువ మీకే తెలుస్తుంది. కాబట్టి బీప్‌ని నమ్మకండి. చంక తుడిచి, కొన సరిగ్గా గుంటలో పెట్టి, చెయ్యి ఒంటికి అదిమి, గడియారం చూసి ఐదు నిమిషాలు.

డబ్బా మీద 0.2 డిగ్రీల తేడా ఉండొచ్చని రాశాడు. మా అమ్మ దగ్గర పాత పాదరసం థర్మామీటర్ ఉంటే రెండూ కలిపి గోరువెచ్చని నీళ్ల మగ్గులో పెట్టి చూశాను. 0.1 తేడా వచ్చింది. బ్యాటరీ ఎల్ఆర్ 41, పది రూపాయల బటన్ సెల్, గడియారాల షాపుల్లో దొరుకుతుంది. తెర మసకబారేదాకా ఆగకుండా మార్చేయండి.

ఇప్పుడు కట్ చేసిన స్టార్ గురించి. దీనికి ఉన్నది ఒకే బటన్. ఆన్ చేయడానికి నొక్కినప్పుడు రెండు మూడు సెకన్లు ఎక్కువ పట్టుకుంటే ఫారెన్‌హీట్ పోయి సెల్సియస్ వచ్చేస్తుంది. పక్కన అక్షరం మారుతుంది గానీ అది నువ్వు గింజంత. ఆగస్టులో ఒక రాత్రి మా ఆవిడ వాళ్ల అన్నగారింటికి వెళ్లింది, నేను షాపులో ఉన్నాను. తొమ్మిదింటికి ఫోన్ చేసి "బాబుకి జ్వరం చూశావా అమ్మా" అంటే, "చూసిన బిడ్డా, ముప్పై ఎనిమిదే ఉంది, ఏం లేదు, పడుకున్నడు" అంది. నూటికి దగ్గర్లో ఉండాల్సిన అంకె ముప్పై ఎనిమిదంటే ఆమెకి చల్లగా ఉన్నట్టే కదా. నేను కూడా ఎవరితోనో డిస్‌ప్లే బేరంలో ఉండి సరే అని పెట్టేశాను. పది నిమిషాల తర్వాత చేతిలో స్క్రూడ్రైవర్ ఉండగా తట్టింది. 38.1 అంటే 100.6.

షట్టర్ సగమే దించి వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే 101.2. ఒళ్లు పెద్దగా కాలడం లేదు, వాడు నీళ్లు కూడా అడిగి తాగాడు. చూసినవాళ్లెవరూ సీరియస్ అనుకోరు. హైదరాబాద్ మాకు 135 కిలోమీటర్లు, ఎంత తొక్కినా గంటలో చేరేది కాదు. అందుకే డాక్టర్లు ముందే ఒక లెటర్ రాసిచ్చారు: మొదటి డోసు దగ్గర్లో ఎక్కడైనా వేయించుకుని బయలుదేరండి అని, మందు పేరు, డోసుతో సహా. దాన్ని లామినేట్ చేయించి బండి డిక్కీలో ఉంచాను. దగ్గర్లోని ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు లెటర్ చదివి కూడా "ముందు సీబీపీ చేద్దాం, రిపోర్టు రానివ్వండి" అన్నాడు. నేను వార్డుకి ఫోన్ కలిపి ఆయన చేతికిచ్చాను. అవతల ఏం చెప్పారో గానీ యాంటీబయాటిక్ పిప్‌టాజ్ ఎక్కింది. అప్పటికి మా అమ్మ చూసిన అంకెకి గంటా ఇరవై నిమిషాలు. నేను చూసిన అంకెకి యాభై. నేను యాభై అనే లెక్క వేసుకుంటాను, మా ఆవిడ గంటా ఇరవై అంటుంది.

తర్వాత వార్డులో పది రోజులున్నాం. ఆ చిన్న డాక్టరమ్మనే అడిగాను, కల్చర్ రిపోర్టు, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష, రాకుండా మందు వేయడం తప్పు కాదా అని. ఒకప్పుడు అలాగే ఆగేవాళ్లట. ఆగితే రిపోర్టు వచ్చేసరికి, ముఖ్యంగా సూడోమోనాస్ లాంటి మొండి క్రిములైతే, పేషెంట్ ఉండేవాడు కాదట. 1971లో బాల్టిమోర్‌లో షింఫ్ అనే డాక్టరు బృందం జ్వరం కనపడగానే రెండు యాంటీబయాటిక్స్ కలిపి మొదలుపెట్టి చూపించాక పద్ధతి మారిందట. మావాడి కల్చర్‌లో ఏమీ పెరగలేదు. చాలామందికి అంతే, ఏ క్రిమో తెలియకుండానే జ్వరం తగ్గుతుందట. ఐదో రోజుకి తగ్గింది.

అదే మాటల్లో సెప్ట్రాన్ సంగతి కూడా వచ్చింది, ఒక రకం న్యుమోనియా రాకుండా ముందుగానే ఇచ్చే మందు. వారానికి మూడు రోజులు ఆ సిరప్ తాగించడానికి మా ఇంట్లో జరిగే యుద్ధం మీకు చెప్పక్కర్లేదు. 1977లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ బృందం 160 మంది మీద చూసిందట: అసలు మందు లేని ఉత్తుత్తి మందు ఇచ్చిన 80 మందిలో 17 మందికి న్యుమోసిస్టిస్ న్యుమోనియా వచ్చింది, సెప్ట్రాన్ రకం మందు ఇచ్చిన 80 మందిలో ఒక్కరికీ రాలేదు. అప్పట్లో రోజూ ఇచ్చేవాళ్లట, మూడు రోజులు చాలని పదేళ్ల తర్వాత తేలింది. ఆ పదిహేడు అంకె విన్నాక మావాడు ఉమ్మేసినా రెండోసారి పోస్తున్నాను.

కంపెనీవాళ్లు ఎవరైనా చదివితే: ఆ డిగ్రీ మార్చే స్విచ్‌ని బ్యాటరీ మూత లోపల పెట్టండి. మా షాపులో ఫోన్లకి అలాంటివి రోజూ చూస్తాను, రూపాయి ఖర్చు. అప్పటిదాకా నేను తెర పక్కన తెల్ల స్టిక్కర్ అంటించి, "మొదటి అంకె 9 గానీ 10 గానీ లేకపోతే నాకు ఫోన్ చెయ్యి" అని మార్కర్‌తో రాశాను. మా అమ్మ గత నెలలో రెండుసార్లు చేసింది. రెండుసార్లూ సెల్సియస్సే, జ్వరం లేదు. మా అత్తగారింట్లో ఉంచడానికి ఇంకొకటి కూడా ఇదే ఆర్డర్ పెట్టాను, స్టిక్కర్ ఈసారి డబ్బా విప్పగానే అంటిస్తాను.