ఉప్పుగాలిలో పదేళ్లు: ఇంటి జీపుకు నేను వాడిన గ్రీజు గన్, కప్లర్, నిపుళ్లు

మా ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, రాత్రిపూట సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా షెడ్డు రేకులను ఎగరేసుకుపోయినప్పుడు, కింద నిలిపి ఉంచిన పాత మహీంద్రా జీపు రోజంతా ఉప్పునీటి జల్లులో తడిసింది. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో కదలకుండా అక్కడే ఉండిపోయింది. నెల తిరిగాక, కమాను పట్టీలను ఛాసిస్‌కు కలిపే వెనక షాకిల్ పిన్నులు బుష్‌లలో (పిన్ను చుట్టూ ఉండే గొట్టం లాంటి తొడుగుల్లో) బిగుసుకుపోయాయని తెలిసింది. గాజువాక ఆటోనగర్‌లో గ్యాస్ మంటతో వేడిచేసి, సుత్తితో కొడితే తప్ప అవి ఊడిరాలేదు. ఊడివచ్చిన పిన్నును చూస్తే నిపుల్ (గన్‌తో గ్రీజు ఎక్కించడానికి ఉండే చిన్న బొడిపె) తలపై గ్రీజు నిగనిగలాడుతోంది, లోపల మాత్రం పిన్ను పొడవునా ఎర్రటి తుప్పు పట్టి ఉంది. ప్రతి సర్వీసుకూ కొట్టించామనుకున్న గ్రీజు నిపుల్ దాటి లోపలికి వెళ్లనే లేదన్నమాట. 2015 సంక్రాంతి వెళ్లగానే సొంత గ్రీజు గన్ కొన్నాను. అప్పటి నుంచి నెలన్నరకొకసారి, వానాకాలంలో ఇంకా ముందే, ఆ జీపుకున్న ఇరవైకి పైగా నిపుళ్లకు నేనే గ్రీజు కొడుతున్నాను.

మొదట కొన్నది నిపుల్‌కు ఆనించి చేత్తో నెట్టే చిన్న రకం గన్. అందులో ఒత్తిడి అంతా మనిషి భుజబలం మీదే ఆధారపడుతుంది. జీపు కింద వెల్లకిలా పడుకుని నెట్టేటప్పుడు ఆ బలం ఎక్కడి నుంచి వస్తుంది? మూడు నెలలకే దాన్ని పక్కన పెట్టి, 500 సీసీ పట్టే లివర్ గన్ తీసుకున్నాను. పొడవైన లివర్ కారణంగా చేతి బలమే కొన్ని వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిగా మారుతుంది, పట్టేసిన జాయింటులోకి గ్రీజును తోయడానికి కావలసింది అదే. నాది పది నొక్కులకు సుమారు తొమ్మిది గ్రాములు ఇస్తుందని వంటింటి కాటా మీద తూచి తెలుసుకున్నాను. ఆ కాటా మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు. ఈ లెక్క తెలిసి ఉండడం మంచిదే, ఎందుకంటే స్టీరింగ్ రాడ్ ఎండ్‌కు (స్టీరింగ్ కడ్డీ కొసన ఉండే జాయింటుకు) రెండు మూడు నొక్కులు చాలు. దాని రబ్బరు బూటు కాస్త ఉబ్బగానే ఆపకపోతే బూటు చిరిగి, లోపలికి ఉప్పునీరు చేరుతుంది.

ఇంతకీ ఈ పదేళ్లలో నాకు బాగా అర్థమైనది ఏమిటంటే, గన్ పనిచేయడం లేదని మనం తిట్టుకునే సందర్భాలలో చాలావాటికి కారణం గన్ కాదు, దాని మూతికి ఉండే కప్లరూ, అది పట్టుకోవలసిన నిపులూ. కప్లర్ లోపల నిపుల్ తలను నాలుగు దవడలు పట్టుకుంటాయి, ఆ దవడల వెనక ఒక చిన్న సీలు ఉంటుంది. దవడలు అరిగినా సీలు గట్టిపడినా గ్రీజు లోపలికి పోకుండా చుట్టూ పొంగుతుంది. గన్‌తో పాటు వచ్చిన కప్లర్ రెండేళ్లలోపే అలా తయారైంది. ముందరి తొడుగును తిప్పి దవడలను కొంత బిగించుకోవచ్చునన్న సంగతి తెలియక నేను కొత్తది తెచ్చాను, అక్కడ ఇంకో పొరపాటు చేశాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ కప్లర్ అమెరికా కొలతది, ఎన్‌పీటీ అనే రకం త్రెడ్ (మరచుట్లు) గలది. గన్ నుంచి కప్లర్‌కు గ్రీజు తెచ్చే నా హోసుది బ్రిటిష్ కొలత, బీఎస్‌పీ. రెంటినీ ఎనిమిదో వంతు అంగుళమనే పిలుస్తారు కానీ, ఒకదానికి అంగుళానికి 27 చుట్లు, రెండోదానికి 28. త్రెడ్ కోణం ఒకదానిది 60 డిగ్రీలు, రెండోదానిది 55. ఒకటిన్నర చుట్టు సాఫీగా ఎక్కింది, తర్వాత బిగుసుకుంది. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా లివర్ గట్టిగా నొక్కిన ప్రతిసారీ అక్కడి నుంచి గ్రీజు కారింది. అంతకుమించి, ఇత్తడి అడాప్టర్ త్రెడ్ పాడైంది. కాబట్టి కప్లర్ కొనేటప్పుడు హోసును వెంట తీసుకెళ్లి దుకాణంలోనే ఎక్కించి చూసుకోవాలి.

ఇప్పుడు వాడుతున్నది లివర్‌తో నిపుల్‌ను పట్టుకుని వదిలే లాకింగ్ రకం. దీని ధర మామూలు కప్లర్ కన్నా చాలా ఎక్కువ, మొదట అనవసరమనే అనుకున్నాను. ఒక చేత్తో కప్లర్‌ను అదిమిపట్టే పని తప్పడం వల్ల ప్రొపెల్లర్ షాఫ్ట్ (చక్రాల వైపు శక్తిని అందించే తిరిగే గొట్టం) జాయింటు క్రాస్‌ల దగ్గర రెండు చేతులూ గన్ లివర్ మీదే ఉంచగలుగుతున్నాను. దీనికి తల లావు, అదొక్కటే లోపం. క్రాస్ మధ్య సందులో ఒక నిపుల్‌కు మాత్రం అది పట్టదు, అక్కడికి సన్నటి పాత రకమే కావాలి. మామూలు కప్లర్ ఒత్తిడికి నిపుల్ మీద బిగుసుకుపోతే తిన్నగా లాగకూడదు. పక్కకు వంచితే దానంతటదే వదులుతుంది. తిన్నగా లాగి ఒకసారి నిపుల్‌ను సగానికి విరిచాను.

నిపుళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నా జీపులో కొన్ని పాతవి పావు అంగుళం కొలతవి, అంగుళానికి 28 చుట్లవి. కొన్ని మధ్యలో ఎవరో మార్చిన ఎం6 కొలతవి. ఎం6 నిపుల్ వ్యాసం 6 మిల్లీమీటర్లు, పావు అంగుళం అంటే 6.35. ఎం6 ఆ రంధ్రంలో రెండు చుట్లు తిరిగి, బిగిసినట్టే అనిపించి, గ్రీజు కొట్టగానే తుపాకీ గుండులా ఊడివస్తుంది. పెద్ద సైజులో ఎం10కూ ఎనిమిదో వంతు అంగుళం బీఎస్‌పీకీ ఇదే తిరకాసు ఉంది, ఎందుకంటే రెంటి వ్యాసంలో తేడా 0.3 మిల్లీమీటర్ల లోపే. పది రూపాయల నిపుల్ కోసం వెర్నియర్ కాలిపర్ ఎందుకని నవ్విన దుకాణదారు దగ్గరే నేను తప్పుడు కొలతవి రెండుసార్లు కొన్నాను. నిపుల్ తలలో స్ప్రింగుతో ఉండే చిన్న గోళీని సూదితో నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావాలి. రాకపోతే డీజిల్‌లో నానబెట్టి సమయం వృథా చేసుకోకుండా మార్చేయడమే మేలు. మా వంటి తీరప్రాంతంలో ఆ గోళీయే ముందు తుప్పు పడుతుంది. అందుకే ప్రతిసారీ పాతగుడ్డతో తలను తుడిచి, పని అయ్యాక దానిపై కాస్త గ్రీజు వదిలి, రబ్బరు టోపీ పెడుతున్నాను. ఎర్ర ప్లాస్టిక్ టోపీలు ఎండకు రెండేళ్లలో పెళుసెక్కి రాలిపోయాయి.

గ్రీజు సంగతి క్లుప్తంగా చెబుతాను. గన్‌లో వాడడానికి ఎన్‌ఎల్‌జీఐ (గ్రీజు గట్టిదనపు కొలత) ప్రకారం 2 గట్టిదనం గల లిథియం ఈపీ (అధిక ఒత్తిడిని తట్టుకునే) గ్రీజు సరిపోతుంది. 3 గట్టిదనం గలది వీల్ బేరింగులకు బాగానే ఉంటుంది కానీ గన్‌లో త్వరగా గాలి బుడగ పట్టేస్తుంది. ఇక్కడ గొట్టాల్లో నింపి అమ్మే కార్ట్‌రిడ్జిలు దొరకడం అరుదు. డబ్బాలో బారెల్‌ను ముంచి వెనక రాడ్‌ను లాగి పీల్చుకోవలసిందే. బారెల్ అంచు గ్రీజు పైకి రాకుండా చూసుకుంటే గాలి తక్కువగా చేరుతుంది, చేరినా తల దగ్గరున్న బ్లీడర్‌ను నొక్కి వదిలించవచ్చు. వేర్వేరు సబ్బు (గ్రీజులో నూనెను చిక్కబరిచే పదార్థం) రకాల గ్రీజులను కలపకూడదు. మార్చవలసి వస్తే పాతది పూర్తిగా బయటికి వచ్చేదాకా కొట్టాలి.

అనకాపల్లిలో టిప్పర్లు తిప్పే మా బావమరిది బ్యాటరీ గన్ ఒకసారి తెచ్చాడు. ఇరవై నిపుళ్లు ఇరవై నిమిషాల్లో అయిపోయాయి, ఒక రాడ్ ఎండ్ బూటు కూడా పగిలిపోయింది. లివర్ నొక్కుతున్నప్పుడు అరచేతికి తెలిసే ప్రతిఘటన మోటారుకు తెలియదు. రోజుకు పది బండ్లు చూసేవారికి అది వరమే, ఒక్క జీపు ఉన్నవాడికి అక్కర్లేదు.

లివర్ గన్‌కు లోపాలు లేవని కాదు. మే నెల ఎండల్లో గ్రీజు నుంచి నూనె విడిపోయి కొసన కారుతుంది. రాడ్‌ను వెనక్కి లాగి గాడిలో లాక్ చేసి స్ప్రింగు ఒత్తిడి తీసేస్తే కారడం తగ్గింది, ఆగలేదు. అందుకే గన్‌ను నిలువుగా వేలాడదీసి కింద పాత గ్లాసు పెడుతున్నాను. ఆరో ఏట హోసు అల్లిక దగ్గర చిన్న చీలిక కనిపించగానే మార్చాను. వేల పీఎస్‌ఐ ఒత్తిడితో సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే గ్రీజు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం అది. హోసును పట్టుకుని కారే చోటును వేలితో వెతకడం ఎంతమాత్రం తగదు.

షాకిల్ పిన్నులకు గ్రీజు కొట్టేటప్పుడు ఛాసిస్ కింద జాకీ పెట్టి, స్టాండు మీద నిలిపి, కమాను మీది బరువు తీసేస్తేనే పిన్ను ఒత్తుకుని ఉండే వైపుకు కూడా గ్రీజు చేరుతుందని నాకు నాలుగో ఏట తెలిసింది. అప్పటి నుంచి మూడు చోట్ల కొత్త గ్రీజు రెండు అంచుల నుంచీ వస్తోంది. వెనక కుడి షాకిల్ మాత్రం ఇప్పటికీ ఒక అంచు నుంచే వదులుతోంది. వచ్చే వానాకాలానికి ముందు ఆ పిన్నును మళ్లీ ఆటోనగర్‌లో ఊడదీయించవలసి ఉంది.