దీపం వెలిగింది, మాట వినపడలేదు: మూడేళ్ల వాకీటాకీ అనుభవం

పర్లాకిమిడి దగ్గర కొండ వాలులో ఉన్న మా జీడితోటలో మొబైల్ సిగ్నల్ నిలకడగా ఉండదు కనుక, లైసెన్సు అక్కరలేని 446 మెగాహెర్ట్జ్ వాకీటాకీలు నాలుగు కొని మూడేళ్లుగా వాడుతున్నాం. బరువు, బ్యాటరీ వివరాలు డబ్బా మీదే ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది టోన్ సెట్టింగు గురించి. టోన్ అంటే మన మాటతోపాటు సెట్టు పంపే, చెవికి వినపడని ఒక గుర్తు స్వరం.

కొన్న కొత్తలో, పెళ్లిళ్ల రోజుల్లో పాతపట్నం వైపు నుంచి ఎవరెవరి మాటలో మా ఛానెల్‌లోకి వచ్చి పడేవి. కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి నాలుగు సెట్లకూ 88.5 హెర్ట్జ్ టోన్ పెట్టాక, ఆ టోన్‌తో వచ్చిన మాటకు తప్ప స్పీకరు పలకడం మానేసింది. ఇంతకు మించిన సదుపాయం లేదని బంధువులందరికీ చెప్పాను.

నిరుడు మార్చిలో పాడైన ఒక సెట్టును బాగుచేయించి తెచ్చాం. బాగుచేసినవారు దానికి వినే టోన్ (ఏ టోన్ వస్తే స్పీకరు పలకాలో చెప్పేది) పెట్టారు గాని, పంపే టోన్ (మన మాటతో వెళ్లేది) పెట్టలేదు. కంప్యూటరు తెర మీద ఆ రెండూ వేర్వేరు గళ్లలో ఉంటాయి, నేనూ సరిచూసుకోలేదు. ఒక మధ్యాహ్నం పై వరసలో ఎండుటాకులకు నిప్పంటుకున్నప్పుడు ఆ సెట్టే మా బావ చేతిలో ఉంది. మా మాటలు ఆయనకు వినపడుతున్నాయి, ఆయన మాట మాకు చేరడం లేదు. ఛానెల్‌లో ఎవరు మాట్లాడినా వెలిగే పచ్చ దీపం నా సెట్టు మీద వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. స్పీకరులో చిన్న చప్పుడైనా లేదు. పక్క ఊరివాళ్లెవరో మాట్లాడుకుంటున్నారనుకున్నాను. ఎంతకీ ఆగకపోవడంతో అనుమానం వచ్చి, టోన్ లేని మాటనూ వినిపించే మానిటర్ బటన్ నొక్కి పట్టుకుంటే, "ఎవరూ పలకరేంటి, పైవరస అంటుకుంది!" అన్న బావ గొంతు వినిపించింది. మేం పైకి చేరేసరికి పదకొండు చెట్లు మాడిపోయాయి.

టోన్ ఎదుటివారి మాటను ఆపదు, మన చెవిన పడకుండా చేస్తుంది, అంతే. టోన్ తీసేసిన సెట్టుతో ఎవరైనా మన మాట వినవచ్చు; వాళ్లు మాట్లాడుతుండగా మనం బటన్ నొక్కితే రెండు మాటలూ చెడిపోతాయి. అందుకే దీపం ఆరిందో లేదో చూసుకున్నాకే ఇప్పుడు మాట్లాడుతున్నాం.

ఇంటి అరుగు మీది సెట్టుకు పంపే టోన్ ఉంచి, వినే టోన్ తీసేశాను. ఊళ్లవాళ్ల మాటలన్నీ మళ్లీ అరుగు మీదికి వస్తున్నాయని అమ్మ విసుక్కుంటుంది, అయినా ఆ టోన్ మళ్లీ పెట్టను. నాలుగు సెట్లు, ఒకే కొండ, ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండే మాకు ఈ ఏర్పాటు కుదిరింది. అరుగు మీద కూర్చుని వినేవారు లేని ఇంటికి దీన్ని సిఫారసు చేయలేను.