హన్మకొండలో రేడాన్ మీటర్: చలికాలం అంతా వాడినంక నా రివ్యూ

రేడాన్ మీటర్ మీద తెలుగుల రివ్యూ వెతికితే నాకు ఒక్కటి కూడా దొరకలే, అందుకే కూసొని రాస్తున్న. ఇంటి గాలిల రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాస్ ఎంత ఉన్నదో కొలిచే మీటర్ ఇది, డిజిటల్‌ది, బ్యాటరీతోటి నడుస్తది, అరచేతిల పడుతది, ఆన్‌లైన్‌ల తెప్పిస్తే 20 వేల దగ్గర పడ్డది. ధర ఎక్కువే, ఆ మాట ముందే చెప్తున్న.

ఎందుకు కొన్ననంటే మా ఇల్లు పద్మాక్షి గుట్ట దిక్కు, పాత ఇల్లు, కింద అంతా రాయే. మన వరంగల్, కరీంనగర్ దిక్కు నేలంతా గ్రానైటే కదా, గ్రానైట్‌ల యురేనియం మిగతా రాళ్లకంటే కొంచెం ఎక్కువ ఉంటది, అది తరిగి తరిగి రేడియం అయితది, రేడియంల నుంచి ఈ రేడాన్ గ్యాస్ పుడ్తది. రంగు లేదు, వాసన లేదు. బయట గాలిల కలిసిపోతే ఏం కాదు, మూసిన రూముల జమైతేనే కష్టం. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కల లంగ్ క్యాన్సర్లల్ల 3 నుంచి 14 శాతం దాక దీనివల్లనే, పొగ తాగెటోళ్లకైతే తాగనోళ్లకంటే రిస్క్ 25 రెట్లు ఎక్కువంట. మా బాపు ఏండ్ల సంది బీడీలు తాగి ఈ మధ్యనే మానేసిండు, పండుకునేది కింది వెనుక రూముల. అది చదివినంక ఇగ నాకు నిద్ర పట్టలే.

మీటర్ విషయానికొస్తే, పెట్టంగనే నంబర్ రాదు, ఒక రోజు దాక ఆగాలె. రోజు సగటు, వారం సగటు, మొత్తం సగటు మూడూ చూపిస్తది. రోజు నంబర్ చూసి ఎవ్వరూ పరేషాన్ కావద్దు, ఒక రోజు 60 ఉంటది తెల్లారి 150 ఉంటది, వాన పడ్డా చలి పెట్టినా కిటికీ మూసినా మారుతది, కనీసం రెండు మూడు నెలల సగటు చూస్తేనే అసలు సంగతి తెలుస్తది. గోడకు ఆనిచ్చి, కిటికీ పక్కకు, ఫ్యాన్ కింద పెట్టొద్దు, మంచం ఎత్తుల బల్ల మీద పెట్టుండ్రి. నంబర్ బెక్యురెల్‌లల్ల వస్తది, అంటే ఒక క్యూబిక్ మీటర్ గాలిల సెకనుకు ఎన్ని రేడాన్ అణువులు తరుగుతున్నయో ఆ లెక్క. డబ్ల్యూహెచ్‌ఓ 100 లోపల ఉంచుకొమ్మంటది, అమెరికాల 148 దాటితే రిపేర్ చేపియ్యుమంటరు, ప్రపంచం మొత్తం మీద ఇండ్లల్ల సగటు 40 చుట్టుపక్కల. మా హాల్‌ల 35 లోపే వచ్చింది, పొద్దంత తలుపులు తెరిచే ఉంటయి కాబట్టి. బాపు రూముల మాత్రం తలుపులు కిటికీలు బంద్ ఉండేసరికి 170 మీదికి పోయింది.

వంటింట్ల కరీంనగర్ గ్రానైట్ గట్టు ఉంది, అందరూ దాన్నే అనుమానపడ్డరు. గట్టు నుంచి వచ్చేది చాన తక్కువ, ఎక్కువ వచ్చేది నేలలకెల్లి. బాపు రూముల ఫ్లోరింగ్ పాత షాబాద్ బండలు, బండకు బండకు నడుమ సిమెంటు ఎప్పుడో ఊడిపోయింది, చీమలు ఆ సందులల్లకెల్లి ఎర్రటి మొరం పైకి తెచ్చి కుప్పలు పెడ్తయి, అమ్మ రోజూ ఊడుస్తనే ఉంటది. చీమ వచ్చే తొవ్వ ఉన్నదంటే గ్యాస్ రానీకె ఏం అడ్డం ఉంటది చెప్పుండ్రి. మేస్త్రితోని ఆ సందులన్నీ గీకిచ్చి సాగే సీలెంట్ నింపిచ్చినం, గోడకు నేలకు కలిసే మూల చుట్టూ, బాత్రూంల పైపు నేలల నుంచి లేచే కాడ కూడా. మేస్త్రి మొదలు వట్టి సిమెంటు కొడ్తా అన్నడు, వద్దన్న, సిమెంటు మళ్ల పగుల్తది. పని మంచిగ చేసిండు, అయితే దీనితోనే 120 దాక దిగి అక్కడ్నే ఆగింది, సందులు మూస్తే సగం పనే అయితదని అప్పుడు కనవడ్డది.

ఇగ ఫ్యాన్ ముచ్చట, ఇది జర జాగ్రత్తగ చదువుండ్రి. ఎవర్నడిగినా ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుమనే చెప్తరు. అంతా మూసి ఉన్న రూములకెల్లి గాలి బయటికి గుంజితే లోపల ప్రెజర్ తగ్గి నేల కింది గ్యాస్ ఇంకింత పైకి వస్తది. బాత్రూం ఎగ్జాస్ట్ రాత్రంత నడిచిన వారం మీటర్‌ల నంబర్ పెరిగింది, తగ్గలే. అందుకే చిన్న ఫ్యాన్ ఉల్టా పెట్టిచ్చినం, బయటి గాలి లోపలికి వచ్చేటట్టు, జాలీ కూడా వేపిచ్చినం, ఎదురు కిటికీ వేలెడంత తెరిచి ఉంచుతున్నం. సగటు 70 కి వచ్చింది. ఏసీ వేసినప్పుడు కరెంటు బిల్లు కొంచెం ఎక్కువ వస్తది, అది నాకు సమ్మతమే.

అమెరికాల ఎక్కువ ఉన్న ఇండ్లల్ల ఫ్లోర్‌కు బొక్క కొట్టి పీవీసీ పైపు దించి, ఫ్యాన్‌తోటి కింది గాలిని గుంజి రూఫ్ మీదికెల్లి వదుల్తరు, అన్నిట్ల బాగ పనిచేసేది అదే. మాకు అంత దాక అవసరం పడలే. ఇప్పుడు కొత్తగ ఇల్లు కట్టుకునేటోళ్లు మాత్రం బేస్‌మెంట్‌ల మొరం నింపినంక, ఫ్లోరింగ్ కంటే ముందే, కంకర పోసి అండ్ల బొక్కల పైపు ఒకటి వేసి మిద్దె మీది దాక తీసిపెట్టుకోండ్రి, అప్పుడైతే తక్కువల అయిపోతది, తర్వాత బండలు పీకాలంటే ఏడుపొస్తది.

మీటర్‌ల నచ్చనివి: స్క్రీన్‌కు లైట్ లేదు, రాత్రి టార్చ్ కొట్టి చూడాలె. ఈ మోడల్‌కు యాప్ లేదు, నంబర్లు నోటుబుక్కుల రాసుకుంటున్న. ఇంకా ఇస్తే గంట గంట గ్రాఫ్ ఇస్తే ఎంత బాగుండు. అయినా 5 కి 4 ఇస్తున్న, కంటికి కనవడని దాన్ని నంబర్ చేసి చూపెట్టింది, ఏ పని చేపియ్యాల్నో ఏది వద్దో దాంతోనే తెలిసింది.

ఒక్క ఇంటికే 20 వేలంటే భారమే, నలుగురు కలిసి కొనుక్కోండ్రి. మాది ఇప్పుడు కాజీపేటల చిన్నమ్మోళ్లింట్ల ఉంది, వాళ్లది కింది పోర్షనే. ఇచ్చేముందు వెనుక చిన్న బొక్కల పిన్ను పెట్టి రీసెట్ చేయాలె, లేకుంటే మన ఇంటి సగటు వాళ్ల సగటుల కలిసిపోతది.